నూరు బారల ఐమూల

బండను తిరగేయగానే మద్దిలేటి చేతిలో గునపం అలాగే ఆగిపోయింది.

నలభై ఏళ్లుగా నాపబండలు పరిచిన మనిషి అతను. బండకు పైముఖం నునుపు, కడుపు గరుకు అని అతనికి ఒకరు చెప్పనక్కరలేదు. ఈ బండకు మాత్రం రెండు ముఖాలూ నునుపే. పైగా మట్టిలో దాగిన ముఖం మీద ఎవరో ఉలితో గీతలు చెక్కి పెట్టారు. పనిలేక గీసిన గీతలు కావవి. ఒక్కోటీ దారం పట్టి కొట్టినట్టుంది.

"సారూ, ఒకపారి ఇట్లా రాండి" అని కేకేశాడు.

విశ్వపతి సారు కళ్లద్దాలు సర్దుకుంటూ వచ్చారు. ముప్పై రెండేళ్లు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన ఆయన, బేతంచెర్ల దగ్గరి పల్లెలో తాతల నాటి మిద్దెలో ఒక్కరే ఉంటున్నారు. కొట్టుగది నేల కుంగిపోతే బాగుచేయడానికి మద్దిలేటిని పిలిపించారు. నాలుగు రోజులుగా ఇద్దరి మధ్యా నడిచిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకాయన పుస్తకంలోంచి తల ఎత్తడు, ఇంకొకతను బండ మీంచి తల ఎత్తడు.

ఇద్దరూ కలిసి తడిగుడ్డతో బండ తుడిచారు. మొదట ఒక ఎద్దుమొహం. దాని కింద చిన్న మూడుమూలల గీత, ఒక పక్కన ౩ అనే అంకె. అక్కడినుంచి పొడుగాటి గీత ఒకటి పోయి, సరిగ్గా చదరపు మూలలో తిరిగి, అంతే పొడుగున ఇంకో గీతగా సాగింది. దాని చివర కుండ బొమ్మ. మొదటి గీత మీద ౧౦౦ అని చెక్కి ఉంది. ఎద్దుమొహం నుంచి కుండ దాకా ఐమూలగా ఇంకో గీత, దాని కొసన చిన్న సున్న. ఆ గీత మీద మాత్రం అంకె లేదు.

"రెండు లంబకోణ త్రిభుజాలు" అన్నారు సారు. "ఒక్కోదానికి ఒక్క భుజమే ఇచ్చాడు. మిగతా కొలతలేవి?"

"మావోళ్లు అట్లనే చెక్కుతారు సారూ. ఒక పక్క చెప్తే చాలు. పనోడైతే మిగిలినవి వాడే తీసుకుంటాడు. పనోడు కానోనికి అవి తెలియాల్సిన పని ల్యా." ఎన్నడూ లేనిది మద్దిలేటికి మాట ఊరింది. వేలితో గీతలు చూపిస్తూ పోయాడు. "ఈ ఎద్దుమొహం గుట్ట మీది గుండుకు గుర్తు. ఇది భూమిలో తొలిచిన దోవ. నూరు బారలు పోయి, మూల తిరిగి, మళ్లా నూరు. ఆ కొసన దాపు గది. ఈ సున్న గాలిబిలం. నేల అడుగున గది తొలిచేటప్పుడు ఊపిరాడాల గదా, అందుకని పైనుంచి గది మీదికి ఒక బిలం దించుతారు. పనైనాక బండ మూసి మన్ను కప్పేస్తారు. ఎద్దుమొహం కాడినుంచి నేల మీద ఐమూలగా నడిస్తే ఆ బిలం వస్తాది. ఐదుకు ఏడు. నూరుకు నూటా నలభై బారలు."

సారు నవ్వారు. "నూటా నలభై ఒకటి పాయింట్ నాలుగు రెండు. భుజాలు సమానమైతే కర్ణం భుజానికి రూట్ రెండు రెట్లు. ఐదుకు ఏడనేది ఉజ్జాయింపు లెక్క, మద్దిలేటీ."

మద్దిలేటి గీతల మీంచి వేలు తీసేశాడు. ఈ నవ్వు అతనికి కొత్త కాదు. కర్నూలులో ఒక పెద్ద కట్టడం పనిలో కుర్ర ఇంజనీరొకడు ఇదే లెక్క విని, పదిమంది కూలీల ముందు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. ఆనాటినుంచి మద్దిలేటి కొలత పైకి చెప్పడం మానేశాడు. చెప్పినా వినేదెవరు? టైల్సు వచ్చాయి, మిషన్లు వచ్చాయి. భార్య సుంకులమ్మ పోయి పదకొండేళ్లైంది, పిల్లలు లేరు. వండుకోవడం, తినడం, బండలతో మాట్లాడుకోవడం, అదీ అతని బతుకు. బంగారం దొరుకుతుందన్న ఆశ అతనికి పుట్టలేదు. ఎప్పటివాడో తన కులపోడు తనలాగే లెక్క కట్టి బిలం దించాడు. అది నూటా నలభై దగ్గర ఉందని ఇంకో మనిషి కళ్లారా చూస్తే చాలు, అంతే అతని కోరిక.

"పోయి చూద్దామా?" అన్నారు సారు. "ఏదైనా దొరికితే తహసీల్దారుకు చెప్పేద్దాం. చూడ్డం మటుకు మనం చూద్దాం."

మూడో రోజు తెల్లవారుజామున బయల్దేరారు. దారి చూపడానికి బీరప్ప వచ్చాడు. గొర్రెల కాపరి, ఎర్రమల గుట్టల్లో పుట్టి పెరిగినవాడు. ఎద్దుమొహం గుండు ఎక్కడుందో చెప్పమంటే, "ఎండాకాలం నా గొర్రెలు పడుకునేదే ఆడ" అన్నాడు. అతని భుజాన తాడు చుట్ట, గునపం, చేతిలో గొడ్డలి. సారు సంచిలో టేపు, నోటుబుక్కు. మద్దిలేటి దగ్గర ఉలి, సుత్తి, టార్చిలైటు.

గుట్ట ఎక్కేసరికి పొద్దు బారెడెక్కింది. పైన నేలంతా బల్లపరుపుగా ఉంది, నల్లటి నాపరాయి పొరల మధ్య ముళ్లచెట్లు దట్టంగా అల్లుకున్నాయి. చండ్ర కొమ్మలు చొక్కాలు పట్టి లాగాయి, బలుసు ముళ్లు పిక్కలు గీరాయి. ఒకచోట బీరప్ప చెయ్యెత్తి అందరినీ ఆపాడు. తడి మట్టిలో ఎలుగుబంటి అడుగులు. "రాత్రివి. కదలండి, నిలబడొద్దు" అని గొంతు తగ్గించి చెప్పాడు. సారు మోకాలు పట్టుకుని మూలుగుతూనే నడిచారు. పిట్ట కూత కూడా లేని ఆ అడవిలో ముగ్గురి అడుగుల చప్పుడే ముగ్గురికీ వినిపిస్తోంది. చెప్పొద్దూ, మద్దిలేటికి అది ఎంతో హాయిగా ఉంది. తనతో అడుగు కలిపి ఇంకొకరు నడిచి ఎన్నాళ్లైందో.

ఎద్దుమొహం గుండు నిజంగానే ఎద్దుమొహం. దాని ముందు నేల ఒక్కసారిగా కుంగి పెద్ద గుంత పడి ఉంది. గుంత అంచునుంచి గుండు కిందికి ఒక పెద్ద బండ ఏటవాలుగా జారి, చీకట్లోకి పోతోంది.

సారు సెల్‌ఫోను బండకు ఆనించి వాలు కోణం కొలిచారు. "ముప్పై డిగ్రీలు."

"మూడు పక్కలూ సమానంగా ఉండే బండను నట్టనడుమ కోస్తే వచ్చే ముక్క ఇది" అన్నాడు మద్దిలేటి, మెల్లగా. "లోతు మూడు బారలని చెక్కినాడు గదా. వాలు దానికి రెండింతలు. ఆరు బారల తాడు కావాల."

"ఆరే" అన్నారు సారు. "ముప్పై డిగ్రీల ఎదుటి భుజం కర్ణంలో సగం. సరిగ్గా ఆరు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సారు ఊరుకున్నారా, లేదు. "మరి అడుగున ఎంత దూరం పోతాం?" అని అడిగారు.

"నాలుగుకు ఏడు లెక్కన ఐదుంబావు బార."

"రూట్ మూడు లెక్కన ఐదు పాయింట్ ఒకటి తొమ్మిది ఆరు."

"బెత్తెడు తేడాకు ఏంది కొట్లాట, దిగుదాం పాండి" అన్నాడు బీరప్ప.

ఏ లెక్కన చూసినా అడుగున కాలు మోపే చోటు సరిగ్గా ఎద్దుమొహం గుండు కిందే పడుతోంది. తాడు గుండుకు కట్టి దిగారు. చిన్న కొలతలో బెత్తెడే తేడా. నూరు బారల మీద మటుకు అది దాదాపు బారన్నర, అంటే ఎనిమిదిన్నర అడుగులు. ఆ సంగతి మద్దిలేటి మనసులో తిరిగిందిగానీ పైకి అనలేదు.

లోపల దోవ మనిషి వంగి నడిచేంత ఎత్తు. టార్చి వెలుగు పడగానే గబ్బిలాలు ముఖాల మీదుగా రివ్వున దూసుకుపోయాయి. గోడలకు ఉలి గంట్లు వరసగా కనిపిస్తున్నాయి. సారు టేపు పరుచుకుంటూ, సెల్‌ఫోనులో దిక్కు చూసుకుంటూ వచ్చారు. మూల దగ్గరికొచ్చేసరికి సరిగ్గా ఆరు వందల అడుగులు. బారకు ఆరడుగులు. అంగుళం ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"వీడు మామూలోడు కాదు" అన్నారు సారు, గోడ తడుముతూ. మూల తిరిగాక కప్పు ఇంకా కిందికి దిగింది. ఆయన మోకాలు ఇక మొండికేసింది. "నేనిక్కడే ఉంటా. నువ్వు పోయి చూసిరా. బీరప్ప పైకి పోయి మబ్బు సంగతి చూస్తాడు."

మద్దిలేటి ఒక్కడే పాకాడు. నూరు బారలు పాకడమంటే మాటలా? చేతులు కొట్టుకుపోయాయి, వీపు కప్పుకు రాసుకుంది. దోవ పోనుపోను పల్లమైంది. చివరికి ఒక్కసారిగా కప్పు పైకి లేచి, బారెడు వెడల్పు గది వచ్చింది. గోడవార మనిషి నడుమెత్తు కుండలు పన్నెండు, మూతులకు బంకమట్టి మెత్తి ఉన్నాయి. ఒకదాని మూత ఉలితో లేపి చెయ్యి పెట్టాడు. నల్లటి పొడి, పొట్టు. జొన్నలు. కరువు రోజుల కోసం ఎవరో దాచుకున్న గింజలు, తినేవాళ్లు రాక బూడిదైపోయాయి.

అతను గాలిబిలం కోసం కప్పంతా వెతికాడు. ఏ సందూ లేదు. ఒకే బండ.

అప్పుడు నేల అదిరింది. పైన ఉరుము. కాసేపటికే దోవలోంచి నీళ్ల హోరు వినిపించింది. మద్దిలేటి వెనక్కి పాకబోయాడు. ఇరవై బారలు పోయాడో లేదో, ముందు ఏదో పెళపెళమని విరిగింది. వరద పక్కగోడలోని రాళ్లను తోసేసింది, వాటి మీద ఆనిన కప్పుబండ దోవకు అడ్డంగా కూలిపోయింది. దుమ్ము, బురద, చీకటి. బండ సందుల్లోంచి నీళ్లు చిమ్ముతున్నాయి.

"మద్దిలేటీ, ఉన్నావా?" అవతల ఎక్కడో దూరంగా సారు గొంతు.

"ఉండా సారూ. దోవ పూడిపోయింది."

"నేను పైకి పోతున్నా. ఐమూల పట్టుకుని బిలం దగ్గరికి..."

ఆ తర్వాత నీళ్ల హోరు తప్ప ఇంకేం వినిపించలేదు.

మద్దిలేటి గదిలోకి తిరిగొచ్చాడు. నీళ్లు చీలమండల దాకా వచ్చాయి. గది పల్లంలో ఉంది కాబట్టి వచ్చిన నీళ్లన్నీ ఇక్కడే చేరతాయి. కుండ మీద కూర్చుని ఆలోచించాడు. బిలం ఉంది, అందులో అనుమానం లేదు. నేల కింద నూరు, నూరు తాడు పట్టి కచ్చితంగా తొలిచినవాడు, పైన ఐమూల మటుకు ఐదుకు ఏడు లెక్కనే కొలిచి ఉంటాడు. తన తాతలు, ముత్తాతలు అందరూ అంతే. అట్లా దించిన బిలం గది మీదికి రాదు, బారన్నర ఇవతలికే పడుతుంది. అంటే ఎద్దుమొహం ఉన్న వైపు, ఎడమ గోడ వెనక. తవ్వినవాడు తన తప్పు చూసుకుని పక్కకు కన్నం కొట్టి కలుపుకుని, పనైనాక మూసేసి ఉంటాడు. గోడ తెరిస్తే బిలం దొరుకుతుంది.

తెరిచి ఏం లాభం? బిలం మీద మూతబండ ఉంది, దాని మీద ఎన్నో ఏళ్ల మన్ను. కిందినుంచి దాన్ని ఎత్తడం ఒక మనిషి వల్ల కాదు. పైన ఎవరో ఒకరు ఉండాలి. పైన ఉన్నది సారు. సారు తన లెక్కనే పోతాడు. నూటా నలభై ఒకటిన్నర దగ్గరికి, సరిగ్గా ఈ గది నెత్తి మీదికి వస్తాడు. అక్కడ బిలం కనిపించకపోతే అక్కడే తవ్విస్తాడుగానీ, ఉజ్జాయింపు లెక్క గుర్తు తెచ్చుకుని వెనక్కి నడుస్తాడా? చదువుకున్న మనిషి. నవ్విన మనిషి.

కాబట్టి తాను ఆయనకు వినిపించే చోట ఉండాలి. గది చివరన కుండ మీద కుండ పెట్టాడు. ఒకటి పగిలి పొడి నీళ్లలో కలిసింది. పైకెక్కి సుత్తితో కప్పును కొట్టసాగాడు. మూడు దెబ్బలు కొట్టడం, ఆగి వినడం. మళ్లీ మూడు దెబ్బలు.

నీళ్లు అడుగు కుండ సగానికి వచ్చాయి. దాని మూతి దాటాయి. పైనుంచి జవాబు లేదు. టార్చి వెలుగు పసుపు తిరిగి, ఎర్రబడి, ఆరిపోయింది. ఆ చీకట్లో అతనికి చావంటే భయం కన్నా ఇంకో దిగులు ఎక్కువైంది. తాను పోతే ఇంటి తలుపు తట్టేవాళ్లు లేరు. పక్కింటివాళ్లు ఎక్కడో పనికి పోయాడనుకుంటారు. సుంకులమ్మ బతికున్నప్పుడు దారం అవతలి కొస ఆమే పట్టేది, ఎంత వచ్చిందని ఆమే అడిగేది. ఆమె పోయాక ఆ మాట అడిగిన మనిషి లేడు. పదకొండేళ్లుగా తాను ఇట్లాంటి గదిలోనే ఉన్నట్టు అనిపించి మద్దిలేటి ఏడ్చాడు. ఏడుస్తూనే మూడు దెబ్బలు కొట్టాడు.

టక్.

సుత్తి ఆపాడు. తన దెబ్బే తిరిగి మోగిందేమో.

టక్. టక్.

కప్పులోంచి కాదు. వెనకనుంచి, ఎడమ గోడలోంచి. మద్దిలేటి కుండల మీంచి నీళ్లలోకి దూకాడు, ఛాతీ దాకా మునిగాడు. తడుముకుంటూ పోయి గోడకు చెవి ఆనించాడు. చప్పుడు స్పష్టంగా ఉంది. గది కొసనుంచి ఎంత దూరమో చెప్పడానికి అతనికి టేపు అక్కర్లేదు. బారన్నర.

సారు తన లెక్క మీద రాలేదు. నూటా నలభై మీద వచ్చాడు.

"ఉండా సారూ, ఈడ ఉండా" అని అరిచి, సుత్తితో గోడంతా కొట్టి చూశాడు. ఒకచోట బోలు మోత వినిపించింది. రాయి కాదు, రాళ్లు పేర్చి మట్టి మెత్తిన చోటు. ఉలి పెట్టి కొట్టాడు. గొంతు దాకా నీళ్లు, కంటికి చీకటి, వేళ్ల మీదే దెబ్బలు. అవతలినుంచి గునపం పోట్లు. మొదటి రాయి కదిలి అవతలికి జారింది. వెలుతురు చిన్న చీలికలా లోపలికి వచ్చింది, దాంతో పాటు ఒక చెయ్యి. సుద్దముక్క తప్ప బరువు ఎత్తి ఎరగని చెయ్యి, వేళ్లన్నీ చిట్లి నెత్తురోడుతున్నాయి. మద్దిలేటి ఆ చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. వదలబుద్ధి కాలేదు.

"చెయ్యి తర్వాత పట్టుకుందువు, ముందు రాళ్లు తియ్" అన్నారు సారు.

కన్నం తలపట్టేంత కాగానే నీళ్లే అతన్ని అవతలికి తోశాయి. పైనుంచి బీరప్ప తాడు లాగాడు. ముందు మద్దిలేటి, వెనక సారు, బురదలో మునిగిన ఇద్దరు ముసలివాళ్లు వాన వెలిసిన గుట్ట మీద వెల్లకిలా పడ్డారు. కింద కుండలు ఒకదానికొకటి కొట్టుకుని పగులుతున్న చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది. పొద్దు ఇంకా వాలలేదు.

"ఏమన్నా ఉండెనా అన్నా?" అని అడిగాడు బీరప్ప.

"జొన్నలు."

బీరప్ప తాడు చుట్టుకుంటూ, "మావోళ్లైనా అవే దాచిందురు" అన్నాడు.

సారు లేచి కూర్చున్నారు. ఆయనకు కోపంగా ఉంది. "నువ్వేం మనిషివయ్యా. గోడ దగ్గరే ఉంటావు, చెవి పెడితే వినిపిస్తావని మూత తీయించి కిందికి దిగాను. నువ్వెక్కడో కొసన కప్పు మీద కొట్టుకుంటున్నావు. నీ లెక్క మీద నీకే నమ్మకం లేదా?"

"మీరు మీ లెక్కన పోతారనుకుంటి సారూ."

"నా లెక్క తప్పు కాదు. కానీ ఈ బిలం తవ్వినవాడు నన్నడిగి తవ్వలేదుగా. నీలాంటివాడు తవ్వాడు. టేపు ఎనిమిది వందల నలభై దగ్గర ఆపేశాను. ఆపైకి పోనేలేదు."

మద్దిలేటి తల వంచుకుని, ఏడుపు దాచుకోవడానికి ముఖం మీది బురద తుడుచుకున్నాడు. సారు చూడనట్టే అటు తిరిగారు.

బీరప్ప బిలం చుట్టూ తిరిగి చూసొచ్చాడు. పాత మూతబండ గునపం దెబ్బలకు మూడు ముక్కలైంది. "దీన్నిట్లా వదిలేస్తే నా గొర్రెలు పడి సస్తాయి సారూ. ఏదన్నా మూత వెయ్యాల."

"ఎంత బండ కావాలి మద్దిలేటీ?" సారు సంచిలోంచి తడిసిన నోటుబుక్కు తీశారు. "నువ్వు చెప్పు, నేను రాసుకుంటా."

మద్దిలేటి బిలం అంచు మీద చేతులు చాపి చూసుకున్నాడు. "ఐదడుగుల చదరం చాలు సారూ."

"ఐమూల?"

మద్దిలేటి ఆయన ముఖంలోకి చూశాడు. అక్కడ నవ్వు లేదు.

"ఏడు" అన్నాడు.

సారు ఏడు వేశారు. దాని పక్కన పాయింట్ చుక్క పెట్టకుండానే పుస్తకం మూసేశారు.